బోర్డుల వెనక మా రాజమండ్రి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను రాజమండ్రిలో బోర్డులు రాసుకుని బతికినవాణ్ణి. 1971లో, పదిహేనేళ్ల వయసులో, మా గురువుగారి వెనక రంగు డబ్బాలు మోసుకుంటూ మెయిన్ రోడ్డులోకి వచ్చాను. ఫ్లెక్సీలు వచ్చి నా చేత కుంచె పక్కన పెట్టించేదాకా, ముప్ఫై ఏళ్లకు పైగా, కోటగుమ్మం మొదలు జాంపేట దాకా నేను నిచ్చెన వేయని బజారు లేదు. జనం మెయిన్ రోడ్డును కింద నుంచి చూస్తారు. కొట్లో ఏముంది, ధర ఎంత, అంతే. నేను దాన్ని పన్నెండడుగుల ఎత్తున గోడకు ముక్కు ఆనించి చూశాను. ఆ ఎత్తున ఏముందో చెప్పేవాళ్లు నాతోపాటు ఇంకో నలుగురైనా మిగిలారో లేదో అని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత గొడవ కత్తిరించండి, కొట్ల సంగతి ఉంచండి.

మొన్న వేసవిలో జరిగింది ముందు చెబుతాను. మెయిన్ రోడ్డులో ఒక పాత బట్టల కొట్టు ముఖానికి కప్పిన ఏసీపీ షీట్లు, అంటే అల్యూమినియం పలకలు, విప్పుతున్నారు. పాతవి వెలిసిపోయాయని కొత్తవి వేయించుకుంటున్నారట. బీపీ మందుల కోసం అటు వెళ్తున్నవాణ్ణి ఆగిపోయాను. షీట్ల వెనక ఇనప ఫ్రేము, ఫ్రేము వెనక చిరిగిపోయిన ఫ్లెక్సీ, దాని వెనక రేకు బోర్డు. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. ఆ రేకు బోర్డు నాదే. ఎర్రటి నేల మీద పసుపు అక్షరాలు, పక్కన నల్ల నీడ. 'జ' తోకను అవసరానికి మించి లాగడం నా అలవాటు, మా గురువుగారు దానికి మొట్టేవారు కూడా. ఆ తోక చూసి పోల్చుకున్నాను. కుర్రాళ్లు దాన్నీ ఊడబెరికి ధబీమని కింద పడేశారు. అప్పుడు అసలు గోడ బయటపడింది.

పైన సున్నపు గచ్చుతో చేసిన గజలక్ష్మి. రెండు ఏనుగుల్లో ఒకదానికి తొండం లేదు. దాని కింద కమాను ఆకారంలో వంచి పోసిన అక్షరాలు, ఒక్కొక్కటి మూరెడు ఎత్తు, అంగుళం మందాన గోడ నుంచి పైకి లేచి ఉన్నాయి. కొట్టు కట్టించిన ఆసామి పేరు, 'జవుళి దుకాణము', ఆ కింద చిన్న అక్షరాల్లో 'ప్రభవ సం॥ 1927'. ఎండ పడి ఎన్నేళ్లయిందో, సున్నం ఇంకా దంతం రంగులో మెరుస్తోంది. అందులో మొదటి అక్షరం 'శ్రీ'. దాని పొట్టలో వేలు పట్టేంత బొక్క ఉంది.

ఆ బొక్క పెట్టింది నేనే. 1979 పుష్కరాలకు ముందు, బజారంతా కొత్త బోర్డులు కట్టించుకుంటున్న రోజుల్లో, అక్కడ కొయ్య బిరడా దిగ్గొట్టి మేకు వేశాను. పక్కన కొట్టడానికి జాగా లేక కాదు, నా నిచ్చెన అక్కడికే అందింది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. గోడ మీద ఉన్నది పాత సరుకు, నా చేతిలో ఉన్నది కొత్త సరుకు అనే అనుకున్నాను.

ఇదంతా మా ఊరివాళ్లకే కాస్త వింతగా ఉంటుందని తెలుసు. రాజమండ్రి అనగానే గోదావరి, పుష్కరాల రేవు, వంతెనలు, రోజ్‌మిల్క్ గుర్తొస్తాయి. చరిత్ర అంటే నన్నయ్య, రాజరాజు, లేదంటే వీరేశలింగం పంతులుగారు. 1890లో ఆయన కట్టించిన టౌన్‌హాలుకు ఎవరైనా దండం పెడతారు. హేవలాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాక దాన్ని తీసేయొద్దని పెద్దవాళ్లు గట్టిగానే మాట్లాడారు. మంచిదే. కానీ కొట్టు చరిత్ర ఎలా అవుతుంది? అందులో బేరం చేస్తాం, చీర మార్పించుకుంటాం, దసరాకు అప్పు పెడతాం. రోజూ వాడే చోటును చారిత్రక కట్టడం అంటే మనకే నవ్వొస్తుంది.

అయితే ఆ కొట్లు లేకపోతే ఈ ఊరు ఇలా ఉండేది కాదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవల మీద పడవలు కాకినాడ దాకా, ఏలూరు దాకా నడిచాయి. 1866లో మున్సిపాలిటీ వచ్చింది. 1900లో గోదావరి మీద రైలు దాటింది. ధాన్యం, బెల్లం, పొగాకు, నూనెలు, జవుళి అన్నీ ఈ ఒడ్డున దిగి చేతులు మారేవి. ఏజెన్సీ అడవుల నుంచి టేకు దుంగలు తెప్పలు కట్టుకుని గోదావరిలో తేలుతూ వచ్చి రేవుల్లో ఆగేవి. మెయిన్ రోడ్డు దూలాలు అలా ఈదుకుంటూ వచ్చినవే. మాకు తెలిసిన ఒక కొట్టు విప్పుతున్నప్పుడు పై దూలానికి ఒక చివర సుత్తితో కొట్టిన ముద్ర కనిపించింది, గుండ్రంలో ఏదో అక్షరం. దుంగను అడవిలో అమ్మినప్పుడు వేసిన గుర్తు అది. తొంభై ఏళ్లు గోడలో దాక్కుని అలాగే ఉంది. ఆ దూలాన్ని పాత కలప కొనేవాళ్లు లారీలో వేసుకుపోయారు. ఈపాటికి ఏ రిసార్టులోనో భోజనం బల్ల అయి ఉంటుంది. బల్ల మీద చేపల పులుసు తినేవాళ్లకు ఆ ముద్ర కనిపిస్తే అదే పదివేలు.

ఒక్క కొట్టు ఎలా ఉండేదో చెబుతాను, మిగతావన్నీ దానికి అన్నదమ్ములే. రోడ్డు మీద ముఖం పన్నెండు, పదిహేను అడుగులే. లోపలికి మాత్రం వందడుగులు పోతుంది, వెనక సందులోకి ఇంకో గుమ్మం. సరుకు బళ్లు వెనక నుంచి వచ్చేవి, కొనేవాళ్లు ముందు నుంచి వచ్చేవారు. ముందు అరుగు, అరుగు మీదికి రెండు మెట్లు, లోపల తెల్ల దుప్పటి పరిచిన పరుపు, బాలీసులు, ఓ మూల గల్లాపెట్టె, దాని పక్కన గుమాస్తా, ఆయన ముందు చిట్టా ఆవర్జా లెక్కల పుస్తకాలు. జవుళి కొనాలంటే చెప్పులు విప్పి పరుపు మీద కూర్చోవాల్సిందే. మధ్యలో పైకప్పుకు చిన్న కన్నం ఉండేది, దాన్నించి వెలుగు నిట్టనిలువుగా దిగేది. పట్టుచీర అసలు రంగు చూడాలంటే ఆడవాళ్లు ఆ వెలుగులోకి తీసుకెళ్లి చూసేవారు. పై అంతస్తు సంసారానికి. కొందరికి అటక మీద కప్పీ కూడా ఉండేది, తాడు వేసి బేళ్లు పైకి లాగేవారు.

తలుపుల సంగతి మర్చిపోతే నా అన్నం నేను మర్చిపోయినట్టే. షట్టర్లు రాకముందు కొట్టుకు పలకల తలుపులు. కింద గడపకూ పైన కమ్మికీ గాడి ఉంటుంది. ఆ గాడిలో జానెడు వెడల్పు టేకు పలకలు ఒక్కొక్కటిగా దూర్చి పక్కకు జరుపుకుంటూ వెళ్లాలి. ఆఖరి పలకకు గొళ్లెం, తాళం. పన్నెండో, పద్నాలుగో పలకలు ఉండేవి. ఏది ఎక్కడ దూర్చాలో తప్పితే చివరిది పట్టదు, మొత్తం మళ్లీ తీయాల్సిందే. అందుకని పలకలకు అంకెలు వేయించేవారు. నా జీవితంలో నేను సొంతంగా రాసిన మొట్టమొదటి రాత అదే. ఒక కిరాణా కొట్టు పలకల మీద ౧ నుంచి ౧౪ దాకా తెలుగు అంకెలు. కూలి రూపాయిన్నర, పైన ఒక బెల్లం ముక్క. ౬కూ ౯కూ మధ్య తికమక పడతారని గురువుగారు ౯ కింద ఓ గీత గీయించారు. పొద్దున్నే ఏడింటికి ఆ పలకలు తీసే చప్పుడు, టకటకమని ఒక కొట్టు తర్వాత ఒక కొట్టుగా, వీధంతా ఎవరో మద్దెల వాయిస్తున్నట్టు ఉండేది. ఇప్పుడు షట్టరు లేపితే రైలు గుద్దినట్టు ఉంటుంది. చెవులు కూడా ఊరి చరిత్రను మోస్తాయని షట్టర్లు వచ్చాకే తెలిసింది నాకు.

ఇక పైముఖం. పైన పిట్టగోడ మీద గచ్చు పూలకుండీలు, నెమళ్లు, సింహాలు. ఒకచోట గడియారం పట్టుకుని ఇద్దరు దేవదూతలు ఉండేవారు. ఆ గడియారం కూడా గచ్చుదే, ఎప్పుడూ పది గంటలా పది నిమిషాలే చూపించేది. 1947 చుట్టుపక్కల కట్టినవాటికి జెండా, భారతమాత, 'జైహింద్'. కిటికీల మీద అర్ధచంద్రాకారంలో రంగుటద్దాలు, ఎరుపు, ఆకుపచ్చ, తేనెరంగు. పోత ఇనుము కటకటాల వరండాలు. వీటిని ఏ శైలి అంటారో చదువుకున్నవాళ్లు చెబుతారు. నాకైతే ఒక్కటే అర్థమైంది. దొరల కచేరీల కమానులు చూసి, గుడి గోపురం మీది బొమ్మలు చూసి, కాకినాడ ఓడల్లో వచ్చిన సీసాల మీది అక్షరాలు చూసి, మన మేస్త్రులు తమకు నచ్చింది తాము వేశారు. ఒకాయన రోమన్ స్తంభం కట్టి దాని తల మీద చిలకను కూర్చోబెట్టాడు. ఎవరూ ఆయన్ను అడగలేదు, ఆయన ఎవరికీ చెప్పలేదు.

అక్షరాల గురించి నాకు తెలిసినంత బజారులో ఎవరికీ తెలియదని గర్వంగా చెప్పగలను. గచ్చు అక్షరం, రంగు అక్షరం ఒకటి కావు. రంగుతో రాసేవాడు తప్పు రాస్తే టర్పెంటైన్‌తో తుడిచేసుకుంటాడు. గచ్చుతో పోసేవాడు తడి ఆరేలోపు పూర్తి చేయాలి, తప్పితే చెక్కాలి. అందుకే పాతవాటిలో తలకట్లు కాస్త లావుగా, గుండ్రంగా, పనసగింజల్లా ఉంటాయి. 'ళ'ను వాళ్లు పెట్టినంత అందంగా నేను ఎన్నడూ పెట్టలేకపోయాను. 'జవుళి' అనే మాటలో ఆ 'ళి' దగ్గర చేయి ఆగేది నాకు. ఇప్పుడు కంప్యూటర్లో ఒకే రకం అక్షరాలు, హాస్పిటలుకూ అవే, బిర్యానీకీ అవే. మెయిన్ రోడ్డులోనే పెద్ద మసీదు గుమ్మం మీద 1324 నాటి పారశీ శాసనం ఉంది. బోర్డు ఆర్టిస్టుగా నా లెక్కలో ఈ రోడ్డులోని బోర్డులన్నిటికీ అదే పెద్దన్న. ఏడు వందల ఏళ్లుగా ఎవడూ దాని మీద మేకు కొట్టలేదు చూడండి.

గోడల సంగతికి వస్తాను, ఎందుకంటే ఎక్కువ నష్టం మంచి మనసుతోనే జరుగుతోంది. ఆ గోడలకు సిమెంటు అన్నది తెలియదు. గుల్ల సున్నం, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో వేసి నలగ్గొట్టేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం పానకం కలిపేవారు. పైకప్పు మేస్త్రులు 'మద్రాసు టెర్రస్' అనే రకం. టేకు దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా టేకు కమ్మీలు, వాటి మీద పలచటి ఇటుకలు నిలువుగా, ఐమూలగా పేర్చి, మీద ఇటుక కంకర సున్నం పోసి, రోజుల తరబడి ఆడవాళ్లు వరసగా కూర్చుని పాటలు పాడుతూ దిమ్మిస కొట్టేవారు. వాళ్ల దెబ్బకే అది బండ అయ్యేది. సున్నం గోడకు ఒక గుణం ఉంది, అది ఊపిరి పీలుస్తుంది. వానాకాలం చెమ్మ తాగుతుంది, వేసవిలో వదిలేస్తుంది. గోదావరి ఒడ్డున చెమ్మ లేని నెల ఏదండీ? ఇప్పుడు ఎక్కడైనా పెచ్చు రాలితే దాని మీద సిమెంటు మెత్తుతున్నారు. లోపలి తడికి దారి ఉండదు. రెండు వానలు పడేసరికి సిమెంటు పెచ్చు, దాన్ని పట్టుకున్న పాత సున్నం, ఆ వెనక ఇటుక పొడి, అన్నీ కలిసి పళ్లెంలా ఊడి పడతాయి. అప్పుడు ఓనరు గారు "చూశారా, గోడ పాతబడిపోయింది, పడగొట్టక తప్పదు" అంటారు. గోడ పాతబడలేదు, దాని ముక్కూ నోరూ మూశారు.

మాకు తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నాడు, ఎనభై దాటింది. సున్నం పని తెలిసినవాళ్లలో మా వైపు నేనెరిగిన ఆఖరి మనిషి. ఆయన్ను ఆ 1927 కొట్టు దగ్గరికి ఆటోలో తీసుకెళ్లాను. గోడ మీద వేలితో కొట్టి చూశాడు, డాక్టరు రొమ్ము మీద కొట్టి చూసినట్టు. ఒకచోట డొల్ల శబ్దం వచ్చింది, మూడు చోట్ల గట్టిగా మోగింది. తర్వాత వేలు నాకాడు. "ఉప్పు లేదోయ్, పనికొచ్చే గోడ" అన్నాడు. ఆయన రుచి చూసి చెప్పిన మాటకు ఇంజినీరు రిపోర్టుకు ఉన్నంత విలువ ఉండదని నాకూ తెలుసు. కానీ ఈ ఊళ్లో ఇంజినీరు ఎవరూ వచ్చి కొట్టి చూడలేదు కదా.

ఓనర్ల తప్పేనని అననండి. వాళ్లతో నలభై ఏళ్లు టీ తాగినవాణ్ణి. అన్నదమ్ములు నలుగురు పంచుకునేసరికి పన్నెండడుగుల ముఖంలో తలా మూడడుగులు వస్తుంది. కింద అద్దెకున్నవాళ్లు తాతల నాటి అద్దె ఇస్తూ కదలరు. పిల్లలు అమెరికాలో, హైదరాబాదులో. బ్యాంకువాళ్లు పాత మేడకు లోను ఇవ్వరు. ఏసీ, లిఫ్టు, పార్కింగు లేకపోతే కస్టమరు మాల్‌కు పోతాడు. మధ్యలో నాలాంటివాడు వచ్చి "అక్షరాలు బాగున్నాయి" అంటే వాళ్లకు ఒళ్లు మండదా? ఆ బట్టల కొట్టు అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "బాబాయ్ గారూ, ముత్తాతగారి పేరు అక్కడ ఉందని నాకే తెలియదండి. మా నాన్నగారూ ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడు. చెప్పడానికి ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది, ఆయన కుర్రతనంలోనే నేను మూసేశానుగా.

నేను భయపడుతున్నది రాబోయే పుష్కరాల గురించి. ప్రతి పన్నెండేళ్లకూ ఊరికి కొత్త బట్టలు కుట్టిస్తారు. 1979లో రేకు బోర్డులు, ఆ పాపం నాది. 1991లో షట్టర్లు, ట్యూబ్‌లైట్ల బోర్డులు. 2003లో నా చేతి పని చివరి పెద్ద సీజను, అప్పటికే బజారులో ఫ్లెక్సీ మిషన్ల మాట మొదలైంది. 2015లో మొత్తం ఫ్లెక్సీలే. ఊరి పేరు రాజమహేంద్రవరం అని మార్చింది కూడా ఆ ఏడాదే. అన్ని బోర్డులూ మార్చాల్సి వచ్చినప్పుడు నన్ను ఒక్కరూ పిలవలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు 2027. రోడ్ల వెడల్పు, సుందరీకరణ, డ్రైన్లు, లైట్లు, అన్నీ కావాలి. కోట్ల మంది వస్తారు, ఇరుకు రోడ్డులో తొక్కిసలాట జరగకూడదు. 2015లో మొదటి రోజే రేవులో పోయిన ప్రాణాలు మాకు ఇంకా గుర్తున్నాయి. కాబట్టి రోడ్డు వెడల్పు చేయొద్దని నేను అనను. ఎర్ర రంగు గీత గీసే ముందు ఆ గీత దేని మీదుగా పోతోందో తలెత్తి చూడమంటున్నాను. గీత గీసేవాడి కళ్లు ఎప్పుడూ నేల మీదే ఉంటాయి.

1958 నాటి కేంద్ర చట్టంలో పురాతన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలని ఉంది. 1927లో కట్టిన కొట్టుకు సరిగ్గా 2027లో నూరు నిండుతాయి. నూరేళ్లూ నిండే ఏడాదే దాన్ని పడగొట్టడం మన భాషలో ఆ మాటకున్న రెండో అర్థాన్ని నిజం చేయడమే. చట్టం కొట్లను కాపాడదని నాకు తెలుసు. గుళ్లకూ కోటలకూ ఉన్న లిస్టుల్లో జవుళి దుకాణాలు ఎందుకుంటాయి?

పక్కవాళ్లు ఏం చేశారో చూద్దాం. మన యానాంవాళ్ల రాజధాని పుదుచ్చేరిలో వైశ్యాల్ వీధి అని ఉంది, వర్తకుల వీధి. అక్కడ వీధి ముఖాలు, వరండాలు, అరుగులు వరసగా బాగు చేయించారు. జనం ఆ ఇళ్లలోనే ఉంటున్నారు. ఆ పనికి 2008లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్టు 1935 నాటిది. దాన్ని బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. అక్కడ ఇప్పటికీ ఐస్‌క్రీమ్ అమ్ముతూనే ఉన్నారు, పళ్ల ఐస్‌క్రీమ్ నేనూ తిన్నాను. కట్టడాన్ని కాపాడటం అంటే తాళం వేసి టికెట్టు పెట్టడం అని మావాళ్ల భయం. అలా కాదని చూపించడానికి ఈ రెండూ చాలు.

నేను అడిగేది చాలా చిన్నది. పుష్కరాల పనులు మొదలయ్యేలోపు మెయిన్ రోడ్డు, కోటగుమ్మం, నల్లమందు సందు, చందా సత్రం వీధుల్లో ఉన్న పాత కొట్ల ముఖాలకు ఫొటోలు తీసి, కొలతలు వేసి, ఒక పుస్తకంలో పెట్టండి. ఆర్కిటెక్చరు చదివే పిల్లలకు ఇది ఒక్క సెలవుల పని. రెండోది, బోర్డు సైజు. గుమ్మం పైన, మొదటి అంతస్తు కింద, ఆ మధ్యన ఉన్న రెండున్నర అడుగుల పట్టీలోనే బోర్డు ఉండాలి, కిటికీల మీదికీ పిట్టగోడ మీదికీ పోకూడదు అని కార్పొరేషన్ ఒక్క రూలు పెట్టి, పాటించినవాళ్లకు బోర్డు పన్ను తగ్గిస్తే చాలు. పాతకాలం మేస్త్రులు ఆ పట్టీని బోర్డు కోసమే వదిలారు, ఏ కొట్టుకైనా వెళ్లి చూడండి. దాన్ని దాటి పైకి పాకింది మా తరమే. సున్నం పని నేర్పడానికి ఆ ఎనభై ఏళ్ల మేస్త్రి దగ్గర నలుగురు కుర్రాళ్లను కూర్చోబెట్టగలిగితే ఇంకా మంచిది, ఆయనకు ఓపిక ఉన్నప్పుడే.

ఆ బట్టల కొట్టు ఏమైందని అడుగుతారేమో. అబ్బాయి మూడు రోజులు పని ఆపాడు. ఆ మూడు రోజులూ నేను పొద్దున్నే వెళ్లి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, తడిగుడ్డతో ఒక్కొక్క అక్షరం తుడిచాను. వాళ్ల నానమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి రోడ్డవతలికి తెచ్చారు. తొంభైకి దగ్గర్లో ఉన్న మనిషి, ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. పేరు చదివింది. ఆ పేరు పైకి అనలేదు, మామగారి పేరు కదా, 'పెద్దవారు' అని మాత్రం అంది. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, ఏనుగు తొండం ఎవరు విరగ్గొట్టారని అడిగింది. నేను కాదని చెప్పాను. అది మాత్రం నిజంగా నేను కాదు.

నాలుగో రోజు షీట్లు వేసేశారు. కంపెనీ అడ్వాన్సు తీసుకుంది, డిజైను అయిపోయింది, మరి ఏం చేస్తారు. కాకపోతే అబ్బాయి వెల్డింగువాళ్లకు చెప్పి ఫ్రేము కాళ్లు పక్క గోడల మీదికి జరిపించాడు. అక్షరాలకూ షీటుకూ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఈసారి మేకు ఏ అక్షరంలోనూ దిగలేదు. 'శ్రీ'లో బొక్కను మేస్త్రి సున్నంతో పూడ్చాడు, కాస్త తెల్లగా కనిపిస్తోంది, రెండు వానలు తగిలితే కలిసిపోయేది. కానీ దానికిప్పుడు వాన తగలదు.

మెయిన్ రోడ్డులో ఇంకా ఎన్ని బోర్డుల వెనక ఏముందో నాకు చాలావరకు గుర్తుంది, ఎందుకంటే వాటిలో సగం మూసింది నేనే. ఎవరైనా ఓనరు గారు బోర్డు మారుస్తుంటే ఒక్క పూట నాకు కబురు పెట్టండి. కూలి వద్దు. నా నిచ్చెన ఇంకా ఉంది, కింది మెట్లు రెండు మార్పించాలి, అంతే.

ఇట్లు,
ఒక పాత బోర్డు ఆర్టిస్టు,
ఆర్యాపురం, రాజమహేంద్రవరం.